ముందు మీరు కానివ్వండి

"ఏందండీ, మీ కాకినాడోళ్ళకి తప్పు కనపడదా, కనపడినా చెప్పరా?" అని హైదరాబాద్ మేనేజరు ఫోన్లో అడిగేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ ఆయన అడిగింది నిజమే. ఒకరు రాసిన ప్రోగ్రాము ఇంకొకరు చదివి, తప్పులుంటే పక్కన రాయడాన్ని మా పనిలో రివ్యూ అంటారు. హైదరాబాద్ వాళ్ళ రివ్యూలు చూస్తే కోర్టులో ప్లీడర్లు గుర్తొస్తారు. మావన్నీ ఒకటే మాట: "చాలా బాగుందండి." మాస్టారు రాసిన దాని కింద ఇంకో ముక్క ఎక్కువ: "చాలా బాగుందండి, నమస్కారం."

మా ఆఫీసంటే ఒక్క గది. భానుగుడి దగ్గర ఒక మందుల షాపు మీద. అందులో నలుగురం. మాస్టారు ఏళ్ళ తరబడి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యి, ఇంట్లో తోచక మాతో చేరారు. రామచంద్రపురం వైపు వరి పొలాలున్న కుటుంబం, సెలవొస్తే గట్టు మీదే ఉంటారు. పిఠాపురం ఆయన రోజూ అక్కణ్ణుంచి వచ్చి వెళ్తాడు, వాళ్ళ నాన్నగారికి గుడి ముందు కొబ్బరికాయల కొట్టు. మూడో మనిషి ఉప్పాడ అమ్మాయి, నేతవాళ్ళ పిల్ల. సముద్రం వాళ్ళ వీధిని ఒకసారి మింగేసింది, ఇల్లు వెనక్కి కట్టుకున్నారు, మగ్గం మాత్రం ఆగలేదు. నాలుగోదాన్ని నేను. బాప్టిస్టు చర్చిలో ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది స్వరం, పాడతాను, ఆఫీసులో అరుస్తాను. పేరుకి నేనే టీము లీడర్ని.

గది తాళం నా దగ్గరే ఉండేది. పొద్దున్నే తాళం తీసి, తలుపు తోసి, నేను పక్కకి జరిగేదాన్ని. పెద్దాయన ముందు వెళ్ళాలి కదా. "ముందు మీరండి మాస్టారూ." "అబ్బే, ఆడపిల్లలు ముందు వెళ్ళండమ్మా." "పిఠాపురం నించి అలిసిపోయి వచ్చారు, మీరు పదండి." "ఆయ్, నాదేముందండీ." కింద మందుల షాపాయన మెట్ల దగ్గరికొచ్చి తల పైకెత్తి, "ఇంకా ఎవరూ లోపలికెళ్ళలేదాండీ?" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. అప్పట్లో అందులో ప్రమాదం ఏముంటుందో మాకేం తెలుసు!

ఆ రోజు ఫోన్లో మేనేజరు అసలు సంగతి చివర్లో చెప్పాడు. కంపెనీకి ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ పని. అందులో ఓపీ టోకెన్ల భాగం, అంటే ఏ రోగి ఏ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో వరస వేసి బోర్డు మీద చూపించే భాగం, మా గదికి ఇచ్చారు. "ఇది మీరు సొంతంగా, సరిగ్గా చేసి చూపెడితే కాకినాడ గది ఉంటది. లేకుంటే మూసేస్తరు. రాగలిగినోళ్ళు హైదరాబాద్ రండి."

రాగలిగినవాళ్ళు ఎవరు? మాస్టారు పొలం వదలరు. ఉప్పాడ అమ్మాయి మగ్గం మీద వాళ్ళమ్మ పక్కన కూర్చోవడానికి సాయంత్రానికి ఇంటికి చేరాలి. నా సంగతి దాచుకోకుండా చెప్తాను. మా ఆయన ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి, మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. పిల్ల పుట్టాక నేను ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉన్నాను. పిల్లని పెంచడం నాకు కష్టంగా లేదు. "ఇంజనీరింగ్ చదివి ఏం చేస్తున్నారండీ?" అని పెళ్ళిళ్ళలో అడిగినవాళ్ళకి నవ్వుతూ జవాబు చెప్పడం కష్టంగా ఉండేది. మళ్ళీ చదువుకుని, ఇంటర్వ్యూకెళ్ళి, ఈ గదిలోకి వచ్చాను. ఈ గది పోతే నేను మళ్ళీ ఆ పెళ్ళిళ్ళకే. చచ్చినా వెళ్ళదలుచుకోలేదు.

ఇప్పుడు గిట్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మేం చేసిన ఘనకార్యం అర్థం కాదు. నలుగురు కలిసి ఒక ప్రోగ్రాము రాసేటప్పుడు ఒకరిది ఇంకొకరు చెరిపేయకుండా చూసే పనిముట్టు అది. ఎవరి కంప్యూటర్లో వాళ్ళకి మొత్తం ప్రోగ్రాము ఉంటుంది, మొదటి రోజు నుంచి ఎవరు ఏం మార్చారో ఆ చరిత్రతో సహా. ఎవరికి వాళ్ళు బ్రాంచి అని ఒక దారి తీసుకుని అందులో రాసుకుంటారు. అయ్యాక అందరికీ ఉమ్మడిగా ఉండే మెయిన్‌లో కలుపుతారు. ఆ కలపడమే మెర్జ్. రోజూ కొంచెం కొంచెం కలుపుకుంటూ పోతే నొప్పి తెలియదు. ఒకే చోట ఇద్దరు రెండు రకాలుగా రాస్తే మాత్రం యంత్రం కలపలేదు. "మీలో మీరు తేల్చుకోండి" అని మనుషులకే వదిలేస్తుంది.

ముందు ఎవరు కలపాలి? అక్కడ మొదలైంది మా కథ.

"ముందు పిల్లలు పెట్టండమ్మా, నాదేముంది, ఎప్పుడైనా కలుపుతాను" అన్నారు మాస్టారు మొదటి వారంలోనే. మా వైపు భోజనాల దగ్గర పెద్దవాళ్ళు "మీరు కూర్చోండి, నాకు తొందర లేదు" అంటే నిజంగా కూర్చోమని కాదు. ముందు ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టాలి. పెద్దాయన విస్తరి ముందు కూర్చోకుండా అన్నంలో చెయ్యిపెట్టే మనిషి గోదావరి జిల్లాల్లో ఎవడండీ? అందుకని మేం ముగ్గురం "అబ్బే, ముందు మీరు కానివ్వండి మాస్టారూ" అన్నాం. ఆయన తల ఊపారు. ఆయన కలుపుతారని మేం చూస్తున్నాం. మా పని ఇంకా తెమల్లేదు కాబోలు, అది చెప్పుకోలేక తనని ముందుకి నెడుతున్నాం అనుకున్నారు ఆయన. మమ్మల్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక ఆయనా ఆగారు. ఉప్పాడ అమ్మాయి నాకంటే ముందు పెట్టకూడదని ఆగింది. పిఠాపురం ఆయన ఆడవాళ్ళకంటే ముందు ఎలాగని ఆగాడు. గిట్‌తో వచ్చిన చిక్కేంటంటే, ఎవరు ఆగినా ఎవరి పనీ ఆగదు. ఎవరి కంప్యూటర్లో వాళ్ళకి అంతా ఉంది కదా. వారాలు గడిచాయి, అందరం హాయిగా రాసుకుంటూ పోయాం. ఆస్పత్రిలో ఎవరు ముందో చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. మాలో ఎవరు ముందో మాకే తేలలేదు!

బయటపడింది ఒక బుధవారం. మేనేజరు నలుగురినీ ఒకేసారి ఫోన్ మీదికి పిలిచాడు.

"మెయిన్‌లో మీ కాకినాడది ఒక్క లైను లేదు. ఇన్ని దినాలు ఏం జేసిండ్రు?"

నేను మాస్టారి వైపు చూశాను. మాస్టారు నా వైపు చూశారు.

"మీది కలిపారనుకున్నానండీ" అన్నాను.

"మీరు కలుపుతారని ఆగాను తల్లీ" అన్నారాయన.

"నేను అక్కది అయ్యాక పెడదామనీ..." అంది ఉప్పాడ అమ్మాయి. పిఠాపురం ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం! మేనేజరు మెల్లగా చెప్పాడు. సోమవారం పొద్దున ఒక కొత్త ఆస్పత్రి ఈ సాఫ్ట్‌వేర్‌తో తలుపులు తీస్తుంది. ఆలోగా మెయిన్‌లో ఉండాలి. లేకపోతే కంపెనీ పాత టోకెన్ల భాగమే పెట్టుకుంటారు, కాకినాడ గది సంగతి కూడా ఆ రోజే తేల్చేస్తారు.

ఫోన్ పెట్టగానే నేను అరిచాను. "ఓరి దేవుడా! నలుగురం చదువుకున్నవాళ్ళం, నలుగురం పని చేశాం, ఒక్కళ్ళకి ముందు అడుగు వెయ్యడం చేతకాలేదా? మర్యాదట మర్యాద, నిప్పెట్టాలి మన మర్యాదకి!" మాస్టారి ముందు అలా అరిచింది అదే మొదటిసారి. ఆయన ఏమీ అనుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నిజమేనమ్మా, కూర్చుని కలుపుదాం" అన్నారు.

గురువారం కలుపుదామనుకుంటే తుఫాను హెచ్చరిక వచ్చింది. ల్యాప్‌టాప్‌లు తీసుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపొమ్మన్నారు కంపెనీ వాళ్ళు. గురువారం మధ్యాహ్నం మొదలైన గాలి శుక్రవారం దాకా కాకినాడని పట్టి ఊపేసింది. శనివారం తెల్లారేసరికి వాన వెలిసింది. కరెంటు లేదు, నెట్ లేదు, ఫోన్లో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. మా వీధిలో పడ్డ స్తంభం పక్కన నిలబడి, "సోమవారం అయిపోయినట్టే" అన్నాను మా ఆయనతో. ఆయన షిఫ్టు బట్టల్లోనే ఉన్నాడు. "అయిపోయినట్టే అని ఎవరన్నారు? ముందు చర్చికెళ్ళు, అక్కడ వంటకి మనుషులు కావాలంట" అన్నాడు.

మా చర్చి హాలు కాస్త ఎత్తు మీద ఉంటుంది. నీళ్ళొచ్చిన వీధుల వాళ్ళంతా రాత్రికే అక్కడికి చేరారు. జనరేటరు నడుస్తోంది. ఒక మూల సాంబారన్నం వండుతున్నారు, ఇంకో మూల మా సంఘంలోని డాక్టరు భార్యాభర్తలు జ్వరాలు, దెబ్బలు చూస్తున్నారు. వంట మొదలెట్టే ముందు ప్రార్థన చేద్దామని పాస్టరుగారు పుల్పిట్ మీది, అంటే ప్రసంగం చెప్పే బల్ల మీది, పాటల పుస్తకం తీశారు. పైకప్పు కారి అది తడిసి ముద్దయింది, పేజీ విప్పితే చేతికొచ్చేస్తోంది. "అయ్యో" అన్నారు. అంతలో మొదటి బెంచీలో ఒక ముసలావిడ తన గుడ్డసంచీలోంచి తన పుస్తకం తీసి పాట ఎత్తుకుంది. వెనకాల ఇంకో నలుగురైదుగురు వాళ్ళ వాళ్ళ పుస్తకాలు తీశారు. మా చర్చిలో ఎవరి పుస్తకం వాళ్ళే తెచ్చుకుంటారు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. హాలంతా అందుకుంది. నేను కూడా ఆల్టో అందుకోబోయి, రెండో చరణంలో ఆగిపోయాను.

పుల్పిట్ పుస్తకం పోతే పాట పోలేదు. హైదరాబాద్‌కి దారి పోతే మా ప్రోగ్రాము ఎక్కడికి పోయింది? నలుగురి దగ్గరా మొత్తం ఉంది, చరిత్రతో సహా. కలపడానికి మాకు హైదరాబాద్ ఎందుకు, నెట్ ఎందుకు? నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒక రూటరు ఉంటే చాలదూ! ఇన్నాళ్ళూ గిట్ వాడుతూ కూడా, అంతా ఆ ఊళ్ళో ఎక్కడో ఉందనుకుని దాని మొహం చూస్తూ కూర్చున్నాం. ఆమెన్ దాకా కూడా ఆగలేదు నేను. ప్రభువు ఏమీ అనుకోడు.

మా ఆయన బండి తీసుకుని పిఠాపురం ఆయన్ని తేవడానికి బయల్దేరాడు. నేను స్కూటీ మీద ఊళ్ళోనే ఉన్న మాస్టారింటికి వెళ్ళాను. ఉప్పాడ అమ్మాయి కోసం వెతకక్కర్లేకపోయింది. తీరం ఖాళీ చేయించినప్పుడు వాళ్ళని కాకినాడలో మా చర్చి వెనక వీధిలోని చుట్టాలింటికి తీసుకొచ్చారు, ల్యాప్‌టాప్ పాలిథిన్ కవర్లో చుట్టి గుండెకి హత్తుకుని తెచ్చుకుందట. మాస్టారు పొలం మునిగిందని దిగులుగా ఉన్నారు. నేను సంగతి చెప్పగానే లేచి చొక్కా వేసుకున్నారు. "పొలంలో నీళ్ళు దిగడానికి టైము పడుతుంది, ఇక్కడ కూర్చుంటే త్వరగా దిగవు కదా తల్లీ, పద" అన్నారు.

పదకొండయ్యేసరికి నలుగురం హాల్లో ఒక బల్ల చుట్టూ ఉన్నాం. చర్చిలో పాటలు తెర మీద చూపించే అబ్బాయిల రూటరు ఒకటి తెచ్చిపెట్టాం. దానికి నెట్ లేదు, మా నాలుగింటినీ కలిపితే చాలు. నేను లేచి నిలబడి చెప్పాను: "ఇవాళ ఈ బల్ల దగ్గర 'బాగుందండి' అన్నవాళ్ళకి సాంబారన్నం ఉండదు."

మొదటి మెర్జ్‌కే యంత్రం చేతులెత్తేసింది. తెర నిండా కాన్‌ఫ్లిక్టులు, అంటే మీలో మీరు తేల్చుకోమన్న చోట్లు. మాస్టారు టోకెను నంబర్లు ఒక్కో డాక్టరుకి ఒకటి నుంచి మొదలెట్టారు. ఉప్పాడ అమ్మాయి ఆస్పత్రి మొత్తానికి ఒకటే వరస పెట్టింది. పిఠాపురం ఆయన గర్భిణులనీ పెద్దవాళ్ళనీ ముందుకి జరిపాడు. నేను రాసిన బోర్డుకి ఈ మూడింట్లో ఏదీ అర్థం కాలేదు. విడివిడిగా నలుగురివీ నాలుగు మంచి పనులు. కలిపితే కిష్కింధ.

మాస్టారి పద్ధతే ఉంచుదాం అన్నాడు పిఠాపురం ఆయన, వెంటనే, ఎప్పట్లాగే. ఉప్పాడ అమ్మాయి పెదవి కొరుక్కుంది.

"ఏంటో చెప్పు" అన్నాను.

"అంటే అదండీ... మాస్టారు రాసింది బాగా... అంటే, బాలేదని కాదండీ..."

"సాంబారన్నం!" అన్నాను.

"తప్పండి" అంది, కళ్ళు మూసుకుని. "అది తప్పండి మాస్టారూ. ఒకే మనిషి ఇద్దరు డాక్టర్లకి చూపించుకోవాలనుకోండి, ఇక్కడ మూడు, అక్కడ మూడు. బోర్డు మీద మూడు అని పడితే ఏ గదిలోకెళ్తాడండీ?"

మాస్టారు ఆ అమ్మాయి వైపు చూశారు. తర్వాత తెర వైపు చూశారు. తర్వాత పకపకా నవ్వారు. అంత గట్టిగా ఆయన నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

"అమ్మా, ఉద్యోగం చేసినన్నాళ్ళూ బోర్డు మీద లెక్కలు చేశాను. ఒక్క పిల్లగానీ పిల్లాడుగానీ లేచి 'మాస్టారూ, తప్పు' అనలేదు. నేను తప్పులు చెయ్యలేదనుకున్నావా? చేశాను. ఇంటికెళ్ళాక తెలిసేది, మర్నాడు సిగ్గేసేది. అక్కడే చెబితే ఎంత బాగుండేది! చెప్పు, ఇంకేం తప్పులున్నాయి?"

అంతే, గేట్లెత్తిన కాలవే! ఆ అమ్మాయి చెప్పడం మొదలెట్టి ఆపలేదు. పిఠాపురం ఆయన నా బోర్డులో అక్షరాలు దూరానికి కనపడవని తేల్చేశాడు. మాస్టారు పిఠాపురం ఆయనది తిప్పి తిప్పి చూసి, "ఇది ప్రోగ్రామా, పులుసా?" అన్నారు. నేను అందరి మీదా అరిచాను, అందరూ నా మీద అరిచారు. వంట దగ్గర నుంచి ఇద్దరు ఆడవాళ్ళు గరిటెలతో పరిగెత్తుకొచ్చి, "ఏంటమ్మా గొడవ, కొట్టుకుంటున్నారా ఏంటి?" అని అడిగారు. "లేదండీ, పని జరుగుతోంది" అన్నాను. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ పోట్లాడలేదు.

మధ్యాహ్నానికి నాలుగు బ్రాంచిలూ ఒకటయ్యాయి. నంబర్ల వరస ఉప్పాడ అమ్మాయిది, డాక్టర్ల విభజన మాస్టారిది, మినహాయింపులు పిఠాపురం ఆయనవి, బోర్డు నాది, పెద్ద అక్షరాలతో. నడుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? తల తిప్పి చూశాను. హాలు అవతలి మూల డాక్టర్ల ముందు జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. పాస్టరుగారినడిగి పాటల తెర మీదికి మా బోర్డు ఎక్కించాం. చీటీల మీద నంబర్లు రాసి పంచాం. తెర మీద నంబరు పడితే మనిషి లేస్తున్నాడు, ఇంకొకటి పడితే ఇంకొకరు లేస్తున్నారు. మా నలుగురి కళ్ళూ తెర మీదే. చంటిపిల్లల్ని చూసినట్టు చూశాం దాన్ని.

అప్పుడొచ్చింది తకరారు. తెర మీద ఒక నంబరు పడింది. ఒక మామ్మగారు లేచి, డాక్టరు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఒళ్ళు కాలిపోతున్న పిల్లతో కూర్చున్న ఒకామెని చూసి, "ముందు నువ్వెళ్ళమ్మా, నాదేముంది" అని తన చోటు ఇచ్చేసింది. డాక్టరు ఒకరి నంబరు మీద ఇంకొకరిని చూశారు, తెర ఒకటి చెప్పింది, అసలు జరిగింది ఇంకొకటి. మామ్మగారి వంతు ఎగిరిపోయింది, పిల్ల తల్లిని రెండోసారి పిలిచింది. ఇంకో పది నిమిషాల్లో ఇంకొకాయన అదే పని చేశాడు. వరస అంతా గల్లంతు.

"జనం తిన్నగా ఉంటే ప్రోగ్రాము తిన్నగా ఉంటుంది" అని విసుక్కున్నాను. మాస్టారు నెమ్మదిగా అన్నారు: "జనం తిన్నగానే ఉన్నారమ్మా. మనూళ్ళో జనం అంతే కదా. ఎవరో ఒకరు ఎప్పుడూ తన వంతు ఇచ్చేస్తారు. మన ప్రోగ్రాముకే అది తెలియదు."

మేం ముఖాలు చూసుకున్నాం. గది మూతపడే దాకా తెచ్చిన ఆ మాట మా నలుగురికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఉప్పాడ అమ్మాయీ పిఠాపురం ఆయనా ఒకే ల్యాప్‌టాప్ ముందు భుజాలు కలిపి కూర్చున్నారు. "మా ఇంట్లో మగ్గం మీద అమ్మా పిన్నీ ఇలాగే కూర్చుంటారండీ, బుటా పువ్వుకి ఇటు ఒకళ్ళు, అటు ఒకళ్ళు. ఒకళ్ళు ముందుకి పోతే చీర వంకరౌతుంది" అంది ఆ అమ్మాయి, వేళ్ళు ఆపకుండా. వాళ్ళు రాస్తుంటే మాస్టారు వెనక నిలబడి తప్పులు పట్టారు, నేను వెంటవెంటనే కలిపాను. ఎవరికోసం ఎవరూ ఆగలేదు. పొద్దువాలకముందే తెర మీద కొత్త బొత్తాం ఒకటి వచ్చింది. అది నొక్కితే వంతు ఇచ్చిన మనిషి, వంతు తీసుకున్న మనిషి చోట్లు మారతాయి, ఎవరి వంతూ పోదు. దానికి పేరేం పెట్టాలని ఎవరూ ఎవర్నీ అడగలేదు. "ముందు మీరు" అని రాసేశాను.

ఇక హైదరాబాద్‌కి చేర్చడం మిగిలింది. రాజమండ్రిలో నెట్ ఉందని ఎవరో చెప్పారు. ఆదివారం ఆరాధన మానేసి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడవునా పడిపోయిన అరటితోటలు, నీళ్ళలో తల దాచుకున్న వరి. ఫోన్లో గీతల కోసం చూస్తూనే ఉన్నాను. పక్కసీటాయన, "ఒళ్ళో అంత జాగ్రత్తగా ఏంటమ్మా, బంగారమా?" అన్నాడు. "మా ఆఫీసండీ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కిటికీ వైపు జరిగాడు.

రాజమండ్రి బస్ కాంప్లెక్సులో దిగేసరికి సిగ్నల్ నిండుగా ఉంది. టీకొట్టు బెంచీ మీద కూర్చుని, ఫోన్ నుంచి నెట్ కలిపి, పుష్ కొట్టాను. వారాల తరబడి ఆగిపోయిన మా నలుగురి పనీ, చర్చి హాల్లో ఆడిన ప్రతి పోట్లాటా, చరిత్రతో సహా ఒక్క గుక్కలో వెళ్ళిపోయింది. చేతిలో టీ ఒలికి చీర మీద పడినా తెలియలేదు. కాసేపటికే ఫోన్ మోగింది.

"ఏందండీ ఇది! కాకినాడల నెట్ లేదు, కరెంటు లేదని టీవీల చూపిస్తుండ్రు. ఎట్ల కలిపిండ్రు?"

"అంతా మా దగ్గరే ఉందండి" అన్నాను. "ఎప్పుడూ మా దగ్గరే ఉంది."

ఆయన రివ్యూలు తెరిచినట్టున్నాడు. ఒక్కసారిగా నవ్వాడు. "'తప్పండి మాస్టారూ, దయచేసి మార్చండి.' 'ఇదీ తప్పేనండి, క్షమించాలి.' ఇంత మర్యాదగ తిట్టుకునే టీముని నేను చూడలేదు." మళ్ళీ ఆగి, "ఈ 'ముందు మీరు' ఏంది?" అన్నాడు. చెప్పాను. మామ్మగారి సంగతి, పిల్ల సంగతి అన్నీ చెప్పాను. ఆయన పరీక్షించి చెప్తానన్నాడు. నేను టీకి డబ్బులిచ్చి బస్సెక్కాను. గెలిచామో లేదో తెలియకుండానే దారంతా ఆల్టో పాడుకుంటూ వచ్చాను, పక్కసీట్లో ఎవరూ కూర్చోలేదు.

బుధవారానికి కాకినాడలో కరెంటు వచ్చింది. గది తీద్దామని నలుగురం మెట్లెక్కుతుంటే నా ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను. కొత్త ఆస్పత్రిలో సోమవారం నుంచి మాదే నడుస్తోందట, ఒక్క టోకెనూ తప్పలేదట. అక్కడి నర్సులు అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకున్నది ఆ బొత్తాన్నేనట. కంపెనీ ఆస్పత్రులన్నిటికీ పెడుతున్నారు. "గది ఉంటది మేడం. ఇంకో ఇద్దర్ని తీసుకోండి" అన్నాడు మేనేజరు.

ఉప్పాడ అమ్మాయి నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. పిఠాపురం ఆయన కింద మందుల షాపాయనకి వినపడేలా ఈల వేశాడు. నాకూ కళ్ళ నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు. తాళం తీసి, తలుపు తోసి, అలవాటు ప్రకారం పక్కకి జరిగాను.

మాస్టారు కదల్లేదు. చెయ్యి చాపి గుమ్మం చూపించారు.

"ముందు మీరు కానివ్వండమ్మా" అన్నారు.

నేను అబ్బే అననూలేదు, మీరు పదండి అననూలేదు. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, నా కుర్చీలో కూర్చున్నాను.